బయట గడియ

విమానం మళ్ళీ ఎడమకు వాలి సముద్రంలో పడింది.

పొద్దుటి నుంచి ఇది ఆరోసారి. జాయ్‌స్టిక్ కీచుమంటోంది, ఎడమకు తిప్పితే అక్కడే పట్టేస్తోంది.

అతను దాన్ని మంచం మీదికి విసురుగా నెట్టాడు. తను నడిపే క్రేన్ కూలి నడుం విరిగి పద్నాలుగు నెలలు. ఉండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. బావమరిది కంప్యూటర్‌లో పెట్టిచ్చిన ఈ విమానం ఆట ఒక్కటే గది దాటే దారి. ఇప్పుడదీ మూసుకుపోయింది.

తలుపు చప్పుడైంది.

"రిపేరు షాపు నుంచేనా? గడియ బయటే ఉంది, తీసి లోపలికి రా."

నష్టపరిహారం కేసు పనిమీద లాయరు దగ్గరికి వెళ్తూ భార్య ఎప్పట్లాగే బయట గడియ పెట్టి వెళ్ళింది.

భుజాన పనిముట్ల సంచితో యాభై దాటిన మనిషి లోపలికొచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగి ఏదో చెప్పబోయాడు.

"అలా చూస్తావేం? ఇదిగో, ఇదే."

వచ్చినాయన మంచాన్ని చూశాడు, పక్కనున్న చక్రాల కుర్చీని చూశాడు. మాట మింగేసి, నేలమీద కూర్చుని సంచి విప్పాడు.

"కుట్టుమిషన్ నూనె పోశారా?"

"పోశాను. కీచుమంటే పోయనా?"

"దుమ్ము పట్టి బంకైపోయిందండి."

అడుగున నాలుగు మరలు విప్పి, స్ప్రింగు పక్కన పెట్టి, మందుల బల్ల మీది స్పిరిట్‌తో లోపలి కీలు తుడవసాగాడు. చంటిపిల్ల చెవి తుడిచినంత జాగ్రత్తగా.

చూస్తున్నకొద్దీ అతనికి కడుపు మండిపోయింది.

"మా క్రేన్ మెకానిక్ నీలో సగం శ్రద్ధ పెట్టినా నేనిలా పడి ఉండేవాణ్ణి కాదు. తిప్పే లివర్ పట్టేస్తోందని వాడికి తెలియదా? వాడి మొహం కూడా నేనెరగను. ఎక్కడో హాయిగా తిరుగుతుంటాడు."

ఆయన చెయ్యి ఆగింది.

"హాయిగా ఉండడు లెండి."

"నీకేం తెలుసు? నీ పని నువ్వు చూసుకో."

ఆయన తన పని చూసుకున్నాడు. ఆవగింజంత గ్రీజు రాసి మరలు బిగించాడు.

"అన్ని వైపులా చివరిదాకా తిప్పి చూడండి."

చప్పుడు లేదు. విమానం మెత్తగా ఎడమకు వాలి, తిన్నగా లేచి, మబ్బుల్లోకి వెళ్ళింది. అతనికి తెలియకుండానే నవ్వొచ్చింది.

"సరే, వెళ్ళిరా," అన్నాడు తెరమీంచి కళ్ళు తిప్పకుండానే.

"గడియ పెట్టమంటారా?"

"పెట్టు. లోపలివాడు ఎక్కడికీ పారిపోడు."

గడియ పడడానికి చాలాసేపే పట్టింది.

పది నిమిషాలకు భార్య ఆయాసపడుతూ వచ్చింది.

"వీధి చివర ఒకాయన బస్సెక్కుతూ కనిపించారు. పిలిచేలోగా బస్సు కదిలింది. మనింటికే వచ్చారా?"

"రిపేరువాడు. పనిమంతుడే."

"షాపువాడు రేపొస్తానని ఫోన్ చేశాడండీ."

అతను జాయ్‌స్టిక్ మీంచి చెయ్యి తీశాడు.

"మరి వచ్చిందెవరు?"

"పొద్దున లాయరు గదిలో మన తరఫున సాక్ష్యం రాసి సంతకం పెట్టారు. ఊరొదిలి పోతున్నారట. పోయేముందు ఒకసారి మిమ్మల్ని చూడాలన్నారు."

ఆవిడ మంచం అంచున కూర్చుంది.

"ఆ లివర్ పట్టేస్తోంది, క్రేన్ ఎవర్నీ ఎక్కనివ్వొద్దని మూడుసార్లు రాసిచ్చి, అందుకే మీరు చేరకముందే ఉద్యోగం పోగొట్టుకున్న మెకానిక్ ఆయనేనండీ."