సార్‌కు నీళ్లు

పటాన్‌చెరులో బస్సు ఎక్కినప్పటి నుంచీ పెద్దరాములు ఒళ్లో ఉన్న తెల్ల ప్లాస్టిక్ డబ్బాను వదల్లేదు. మూతకు గుడ్డ చుట్టి, పైన సుతిలి బిగించాడు. బస్సు ఎగిరినప్పుడల్లా మూత తడిమి చూసుకుంటున్నాడు.

పోయినవారం తెచ్చిన డబ్బా బస్సు దాకా కూడా రాలేదు. ఫ్యాక్టరీ గేటు ముందు కంపెనీ చొక్కాలవాళ్లు గుంజుకున్నారు. అందుకే ఇవాళ చుట్టుతిరిగి, పొలాల మీదుగా వచ్చాడు.

నడి వేసవి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ట్యాంకరు వస్తేనే తాగునీళ్లు. బస్సులో అందరి చూపూ డబ్బా మీదే ఉంది. లోపలి నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి.

ఎదుటి సీటులోని ముసలామె చెయ్యి చాపింది.

"గుక్కెడు పొయ్యి బిడ్డా. నాలుక పిడచగట్టుకపోయింది."

"ఇయ్యరాదవ్వా. ఇవి మా బాయినీళ్లు, సంగారెడ్డిల సార్‌కు."

బస్సంతా భగ్గుమంది.

"సార్లకైతే బాయినీళ్లు మోసుకపోతవు. ముసల్దానికి గుక్కెడు పొయ్యవా?" అని నిలదీసింది టమాటా గంప పట్టుకున్న ఒకావిడ.

పెద్దరాములు ఏదో చెప్పబోయాడు. వెనక సీటులో కంపెనీ చొక్కా కనిపించింది. నోరు మూసుకుని, డబ్బాను పొట్టకు అదుముకున్నాడు.

ఇస్నాపూర్ దాటాక ముసలామె తల వాల్చేసింది.

"అయ్యో, పానం పోయేటట్టున్నది!" అని ఎవరో అరిచారు.

కండక్టర్ ఇక ఊరుకోలేదు. డబ్బా లాక్కుని, సుతిలి తెంపి, మూతలోకి నీళ్లు వంచి ముసలామె పెదాల దగ్గరికి తీసుకెళ్లాడు.

పెద్దరాములు లేచి ఆ చేతిని ఒక్క దెబ్బ కొట్టాడు. మూత ఎగిరిపడింది. నీళ్లు ముసలామె చీర మీద ఒలికాయి.



"థూ! మనిషివేనా నువ్వు?"

"దింపున్రి వీన్ని!"

కండక్టర్ విజిల్ ఊదాడు. పెద్దరాములు డబ్బా అందుకుని, మూత ఏరి బిగించాడు. రుద్రారం దగ్గర అతన్ని డబ్బాతో సహా కిందికి తోసేశారు. టమాటాల ఆవిడ ఓ పండు చిదిమి ముసలామె నోట్లో పిండుతోంది. ముసలామె గుటక వేయడం కిటికీలోంచి చూశాక గానీ పెద్దరాములు అడుగు కదపలేదు.

ఎండలో నడిచాడు. గొంతు ఎండిపోయింది. డబ్బా ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకున్నాడు తప్ప మూత మాత్రం తీయలేదు. కంది దాటేసరికి చెప్పు తెగింది. సార్ ఉంటాడో లేదోనని ఒంటి చెప్పుతోనే ఉరికాడు.

సంగారెడ్డి ఆఫీసులో సార్ అప్పుడే ఇంటికి బయల్దేరుతున్నాడు. పెద్దరాములు అడ్డంపడి, డబ్బాను బల్ల మీద పెట్టాడు.

"ఇవి తాగి నా రెండు బర్రెలు నిలవడ్డకాడ్నే సచ్చినయి సార్, మా బాయిల ఏం కలిసిందో జెర పరీక్ష చేసి చెప్పున్రి."