అడిగిన వస్తువిచ్చే అట్టపెట్టె

మా అమ్మాయి అట్టపెట్టెతో బొమ్మ వెండింగ్ మిషన్ చేసింది. చీటీ మీద రాసి వేస్తే, వెనక కూర్చుని అడిగిన వస్తువును గొట్టంలోంచి కిందికి జారుస్తుంది.

మొదటిరోజు నవ్వులాటకి "కళ్లజోడు" అని రాశాను. రెండు రోజులుగా కనబడని నా జోడు టక్కున పడింది. తర్వాత బీరువా తాళాలు, కత్తెర. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఏ డబ్బాలో ఏముందో చీటీ అంటించుకునే మనిషిని నేను. నా వస్తువులు ఊరికే మాయం కావు.

ఇవాళ గాజులడిగితే అవీ పడ్డాయి. ఇక ఊరుకోలేకపోయాను.

"దొంగబుద్ధి ఎప్పట్నుంచే నీకు?"

"నేను తీయలేదమ్మా."

"మరి వాటికి కాళ్లొచ్చి ఇందులో దూరాయా?"

అమ్మాయికి కోపం రాలేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"కళ్లజోడు పిండి డబ్బాలో ఉంది. తాళాలు, కత్తెర ఫ్రిజ్‌లో. గాజులు చెత్తబుట్టలోంచి తీశా. ఎక్కడ దొరికాయో చెబితే భయపడతావని ఇలా ఆట చేశా."

"అక్కడెవరు పెట్టారే?"

అది నా చెయ్యి పట్టుకుంది.

"నిన్న కూడా ఇలాగే తిట్టావమ్మా. నిన్న కూడా ఇదే అడిగావు."