గోడ మీది నాయనమ్మ

ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి రాయ్‌స్టన్ ఆక్రాయిడ్‌కి ముద్ద దిగడం లేదు.

నిజానికి అది శుభవార్త. స్కాట్లాండ్ తరఫున రగ్బీ లీగ్ ఆడిన పాత ఆటగాళ్ళందరికీ వరస నంబరు కుట్టిన టోపీ ఇస్తున్నారు. రాయ్‌స్టన్‌ది ఇరవై మూడు. శనివారం ఫెదర్‌స్టన్ మైదానంలో, ఆట విరామంలో, ఊరంతా చూస్తుండగా అది పెట్టుకుని నడవాలి. ఈ వారమంతా మిస్ కినెయిర్డ్ అనే ఆవిడ ఇంగ్లండ్‌లోని ఈ యార్క్‌షైర్‌లో ఇల్లిల్లూ తిరిగి టోపీలు అందజేస్తుంది.

ఉత్తరం చివర్న ఒక్క వాక్యం ఉంది. ‘మీ స్కాటిష్ పూర్వీకుల వివరాలు కూడా రాసుకుంటాం.’

“చచ్చాను బెవ్,” అన్నాడు భార్యతో.

బెవర్లీ అల్లం కేకు ఓవెన్‌లో పెడుతూ గోడకేసి చూసింది. చలిమంట గూటి పైన ఫొటోలో నల్ల గౌను వేసుకుని, మూతి బిగించుకుని ఒక ముసలావిడ. పేరు మొరాగ్. రాయ్‌స్టన్ నాయనమ్మ. సొంతూరు స్కాట్లాండ్‌లోని ఓబన్.

అసలు నాయనమ్మ పేరు ఎడ్నా. పుట్టిందీ పోయిందీ ఈ వీధిలోనే. స్కాట్లాండ్ మాట దేవుడెరుగు, బస్సెక్కితే రెండో స్టాపులోనే వాంతులు.

ఆ ఫొటో ఇంటికొచ్చేనాటికి రాయ్‌స్టన్ ముప్పై దాటిన ముందువరస ఆటగాడు. పద్నాలుగేళ్ళు క్లబ్బు కోసం గొడ్డులా శ్రమపడ్డాడు. ముక్కు మూడుసార్లు విరిగింది. ఇంగ్లండ్ వాళ్ళు ఒక్కసారీ పిలిచిన పాపాన పోలేదు. అలాంటి రోజుల్లో స్కాట్లాండ్ జట్టు మేనేజర్ డగీ ప్రాక్టర్ వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు.

“తాతో అవ్వో ఒక్కరు మా దేశం వాళ్ళయితే చాలురా అబ్బాయ్. ఉన్నారా?”

“లేరండీ.”

“ఎందుకు లేరూ? ఇదుగో,” అని సంచిలోంచి ఈ ఫొటో తీశాడు. “మొరాగ్, ఓబన్. గోడకి తగిలించు. కాగితాల సంగతి నేను చూసుకుంటా. జట్టులో మాత్రం ఎవడి దగ్గరా నోరు జారకు. వాళ్ళంతా అసలు రక్తం. మనసు కష్టపెట్టుకుంటారు.”

రాయ్‌స్టన్ నోరు జారలేదు. ఆరు మ్యాచ్‌లాడాడు. ఐదు ఓడిపోయారు. ఆరోదాంట్లో, జోరువానలో, ఇద్దరు ఫ్రెంచివాళ్ళని వీపున మోసుకుంటూ బురదలో పాకి గీత అవతల బంతి ఆనించి గెలిపించాడు. ఆ గెలుపు తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. ఆ టోపీ అంటే అతనికి ప్రాణం.

కానీ ఒక ముల్లు అలాగే ఉండిపోయింది. ప్రతి మ్యాచ్‌కీ ముందు డగీ అందరినీ నిలబెట్టి, “మిమ్మల్ని ఇంతవాళ్ళని చేసిన ముసలమ్మల్ని తలుచుకోండ్రా,” అనేవాడు. పదమూడు తలలూ వంగేవి. గ్రేమ్ అనే కుర్రాడైతే వెక్కి వెక్కి ఏడ్చేవాడు. అంతమంది పుణ్యాత్ముల మధ్య దొంగకి తేలు కుట్టినట్టు రాయ్‌స్టన్ కిక్కురుమనకుండా నిలబడేవాడు.

“ఆవిడ రాగానే చెప్పేస్తా బెవ్. నావల్ల కాదు.”

“చెప్తే టోపీ పట్టుకుపోతుంది.”

“పోనీ.”

“పోనీయా? ముప్పయ్యేళ్ళుగా ఆ మొరాగ్‌కి దుమ్ము దులుపుతున్నా. మా అత్తగారికి కూడా అంత సేవ చెయ్యలేదు. నోర్మూసుకుని టీ తాగు.”

అంతలో తలుపు చప్పుడైంది.

మిస్ కినెయిర్డ్ బక్కపల్చటి మనిషి. టోపీ పెట్టె ఒళ్ళో పెట్టుకుని, కేకు మెచ్చుకుంటూ, కప్పు నోటిదాకా ఎత్తింది. కళ్ళు గోడమీద పడ్డాయి. కప్పు అక్కడే ఆగిపోయింది.

కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. లేచి దగ్గరికెళ్ళి మరోసారి చూసింది. వచ్చి కూర్చుని పుస్తకం తెరిచింది.

రాయ్‌స్టన్ ఇక ఉండబట్టలేకపోయాడు.

“టోపీ తీసుకుపోండమ్మా. ఆవిడ నాకేమీ కాదు. మా మేనేజరు ఇచ్చిన ఫొటో అది. తప్పంతా నాది. మిగతా పన్నెండుమందీ నిఖార్సయిన మనుషులు. నా మూలంగా వాళ్ళ పరువు పోకూడదు,” అన్నాడు.

బెవర్లీ నెత్తి కొట్టుకుంది.

మిస్ కినెయిర్డ్ పెట్టె మూత తీసి, టోపీ అతని చేతిలో పెట్టి, పెన్ను అందుకుంది.

“కూర్చోండి ఆక్రాయిడ్ గారూ, ఈ వారంలో ఈవిడ గోడమీద కనపడ్డ ఇళ్ళలో మీది తొమ్మిదోది, ఇంతకీ మీ ఇంట్లో ఏమని రాసుకోమంటారు, అమ్మమ్మనా, నాయనమ్మనా?”