నీడలో పెట్టిన చెంప

"మొహం కిటికీ వైపు తిప్పమ్మా. అటు కాదు, ఇటు."

బాలమ్మ తిప్పింది.

ఆర్థర్ కెమెరా నల్లగుడ్డ కిందికి తల దూర్చేలోగా మళ్ళీ మొదటికొచ్చింది. కాలి, ముడతలు కట్టిన ఎడమ చెంపనే వెలుగులోకి తెచ్చి పెట్టింది.

ఆర్థర్‌కు విసుగొచ్చింది.

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఈ స్టూడియో తెరవక ముందు అతను మద్రాసులో పని నేర్చాడు. మనిషిని ఉన్నదున్నట్టు దించేస్తే ఫోటో కాదని అక్కడి గురువు చెప్పాడు. గీత, ఆకారం, గరుకూ నునుపూ, వెలుగూ నీడా, చుట్టూ వదిలే ఖాళీ... వీటిని ఒద్దికగా కూర్చడమే ఫోటో అన్నాడు. ఆ మాటను ఆర్థర్ ఆదివారం చర్చిలో విన్న వాక్యంలా మనసులో పెట్టుకున్నాడు.

ఈమెలో అన్నీ కుదిరాయి. నుదుటి నుంచి గడ్డం దాకా తీర్చినట్టున్న గీత. భుజం మీద గరుకు గొంగడి. అడ్డమల్లా ఆ చెంపే.

"సారూ, గీ చెంపనే మంచిగ పడాలె. ఎందుకంటె..."

"మచ్చ సంగతి నాకొదిలెయ్యమ్మా. ఎవరికీ కనపడకుండా తీస్తాగా!"

"కనపడకపోతె ఎట్ల సారూ?"

"సిగ్గుపడకు. ఇట్లాంటివాళ్ళను ఎంతమందిని తియ్యలేదు నేను! మాట్లాడితే మొహం కదులుతుంది. కాసేపు ఊరుకో."



అతనే వచ్చి గడ్డం పట్టి తిప్పాడు. ఎడమ పక్కన నల్లతెర లాగాడు. కాలిన చెంప చీకట్లో కలిసిపోయింది.

మరునాడు ఫోటో చేతికిస్తే బాలమ్మ చాలాసేపు చూసింది.

"గిది నేనేనా?"

"అందరూ అదే మాటంటారమ్మా!" ఆర్థర్ నవ్వాడు.

"జెర మళ్ళొక్కటి తియ్యవా సారూ?"

"ఇంతకన్నా మంచిది రాదు. పో, మీవాళ్ళకు చూపించు. మురిసిపోతారు."

ఆమె ఫోటోను కొంగున చుట్టుకుని మెట్లు దిగిపోయింది.

అదే ఫోటోను పెద్దది చేసి ఆర్థర్ వీధిలోకి కనపడే అద్దాల పెట్టెలో పెట్టాడు. దారినపోయేవాళ్ళు ఆగి చూస్తుంటే లోపల నుంచి చూసుకుని మురిశాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం భార్య దేవకృప అన్నం వడ్డిస్తూ అంది.

"ఏమండీ, మీ స్టూడియో ముద్ర ఉన్న ఫోటో ఒకటి మా గేటుకొచ్చింది."

పోలీసు చర్య జరిగి నెలలైనా, గొడవల్లో దిక్కులేకుండా పోయిన పిల్లలు అల్వాల్‌లోని ఆశ్రమంలో ఇంకా ఉన్నారు. దేవకృప అక్కడ పంతులమ్మ.

"గొంగడి ఆమెదేనా? ఎట్లా ఉంది?" ఆర్థర్ ఉత్సాహంగా అడిగాడు.

"బాగుంది. పనికి రాలేదు."

"అదేంటి?"

"ఎవరు పడితే వాళ్ళొచ్చి మా పిల్లలేనంటున్నారని, ముందు ఫోటో తీసుకుని లోపల చూపిస్తున్నాం కదా. పిల్ల గుర్తుపడితేనే మనిషిని రానిస్తాం. మా సుమిత్రకు చూపించాను. పాపం, ఊరి సంగతెత్తితే నోరు విప్పదు. ఏ ఫోటో ఇచ్చినా అందులోని ఎడమ చెంప మీద వేలు పెట్టి తడుముతుంది, కాదని తిరిగిచ్చేస్తుంది. ఇదీ అంతే."

ఆర్థర్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"చెంప... ఎందుకు తడుముతుంది?"

"ఏమో. మీకేమైంది? తినరేం?"

తెల్లారగానే అతను ఆ నెగెటివ్ పలకను కిటికీకి ఎత్తి పట్టుకున్నాడు. మరో ప్రింటు తీసి, ఈసారి చెంప కనపడేలా చేద్దామనుకున్నాడు. వెలుగు పడక, ఎడమ చెంప ఉండవలసిన చోట ఉత్త గాజే మిగిలింది. గొంగడిలో ఒక్కో పోగూ ఉంది. చెంప మాత్రం లేదు.

ఆశ్రమానికి పోతూ పోతూ అద్దాల పెట్టెలోని ఫోటోను దించేశాడు. దాని వైపు చూడలేకపోయాడు.

ఆశ్రమం గేటు దగ్గర గొంగడి ఆమె సంగతి అడిగితే కాపలా జంగయ్య బీడీ పారేసి లేచాడు.

"ఆమెనా సార్? దొంగది! ఫోటోల మచ్చనే లేదు, ఆమెకేమో చెంప కాలివోయి ఉన్నది. ఎవరి ఫోటోనో పట్టుకొచ్చి పిల్లల నెత్తుకపోతందుకు వచ్చినవా అని గదమాయించిన."

"ఆమె ఏమంది?"

"నేనే నేనే అని కాళ్ళు మొక్కింది. పిల్ల సుత కాదన్నదని చెప్పిన. గట్లయితె గా పిల్ల గాదు కావొచ్చు, బెజవాడ దిక్కు దేవులాడుత అని స్టేషన్ బాట పట్టింది."

"నాలుగు మాటలు అడగకపోయావా జంగయ్యా?"

"అడిగేదేముంది సార్? ఫోటో అబద్ధం జెప్తదా?"

ఆర్థర్ లోపలికి నడిచాడు.

వరండాలో సుమిత్ర ఒక్కతే కూర్చుని చింతగింజలు ఆడుకుంటోంది. అతను ఆమె ముందు నేల మీద కూలబడ్డాడు.

"అమ్మా, మొన్న ఫోటోలో ఉన్నామెకు చెంప మీద కాలిన మచ్చ ఉంది. అది కనపడకుండా చేసింది నేనే."

పిల్ల గింజలు వదిలేసి లేచి నిలబడింది.

"కాలిన చెంపామెనా? గా చెంపకు దినాం పసరు నేనే పూసేదాన్ని! స్టేషన్ల మందిల చెయ్యి ఇడిశిపోయింది. వచ్చిందా సార్? ఏడుంది?"

ఆర్థర్ లేచాడు.

"వెతికి తీసుకొస్తానమ్మా," అన్నాడు. "మీ అమ్మను ఎట్లాగైనా తీసుకొస్తా."

సుమిత్ర అతని వైపు వింతగా చూసింది.

"మా అమ్మ ఇంట్లనే కాలిపోయింది సార్. గామె ఎవరో నాకెర్కలే, బాట పొంటి పోతా పోతా నేను ఒర్రుకుంట ఏడుస్తుంటె ఇని మంటల్లకు ఉరికొచ్చింది."