గోడ వెనక పది సెంటీమీటర్లు

"ఎఫ్ అంటే ఎఫ్. ఈ చట్టం నేను రాసింది కాదు," అంటూ ఎమ్లిన్ ప్రైస్ ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసును వంటింటి బల్ల మీద పెట్టాడు.

నెరిస్ దాన్ని ముట్టుకోలేదు. తాగుతున్న టీ కప్పు తెచ్చి సరిగ్గా దాని మీదే పెట్టింది.

సముద్రపొడ్డున ఉన్న ఆ వెల్ష్ వీధిలో తొమ్మిదిళ్లు ఎమ్లిన్‌వే. ఎనిమిదింటి గుమ్మాల పక్కన అంకెలు నొక్కితే తెరుచుకునే తాళంచెవి పెట్టెలు వెలిశాయి. వేసవిలో ఎక్కడెక్కడివాళ్లో వచ్చి వారం ఉండి పోతారు. చలికాలం వస్తే వీధి మొత్తానికీ దీపం వెలిగేది నెరిస్ అద్దెకుంటున్న ఈ ఒక్క ఇంట్లోనే. అదీ ఆరిపోతే గానీ అతనికి నిద్ర పట్టేలా లేదు. అందుకు దొరికిన సాకే ఎనర్జీ సర్టిఫికెట్. వేడిని నిలుపుకోలేక ఎఫ్ గ్రేడు తెచ్చుకున్న ఇంటిని ఊళ్లోవాళ్లకు అద్దెకివ్వకూడదు. సెలవులకొచ్చేవాళ్లకైతే ఆ పట్టింపు లేదని అతనే సెలవిచ్చాడు.

"అది మరమ్మతులకు ముందు ఇచ్చిన ఎఫ్," అంది నెరిస్. "ఆ తర్వాత కిటికీలు మార్చావు, అటక మీద చలి ఆపే దూది పరిపించావు, గోడలకు బోర్డులు కొట్టించావు. కొత్త సర్టిఫికెట్ రానీ, అప్పుడు మాట్లాడు."

రానీ అని ఊరుకోలేదు, మనిషిని కూడా పిలిపించింది. ఇళ్లకు గ్రేడు కట్టే లౌరి పొద్దున్నుంచీ ఇల్లంతా కొలుస్తూనే ఉంది. అటకెక్కి దిగింది, కిటికీ అద్దాలు తట్టి చూసింది, బాయిలర్ నంబరు రాసుకుంది. చిన్నప్పుడు బళ్లో నెరిస్ వడ్డించిన కస్టర్డ్ తిని పెరిగిన పిల్లే. అయినా కొలత దగ్గర మొహమాటం లేదు.

చివరికి ఆ అమ్మాయి ఉన్నమాట చెప్పేసింది. మిగతావన్నీ బాగానే ఉన్నాయి, తిరకాసంతా గోడల దగ్గరే. బోర్డుల వెనక చలి ఆపే దళసరి పొర ఉంటే డి వస్తుంది, నెరిస్ నిక్షేపంగా ఉండొచ్చు. లేకపోతే మళ్లీ ఎఫే. ఏదైనా సరే, కంటితో చూడందే తను రాయదు.

"ఉంది," అంది నెరిస్. "పది సెంటీమీటర్లు."

ఎమ్లిన్ పకపకా నవ్వాడు. పని చేయించిన తనకు తెలియదూ? ముందు బోర్డు, వెనక రాయి, మధ్యలో గాలి. అంతే సంగతులు.

నెరిస్ మాత్రం ఉందంటే ఉందని భీష్మించుకుంది. ఇద్దరి మధ్యా నలిగిపోయిన లౌరి, చిన్న రంధ్రం పెట్టి చూస్తే తేలిపోతుంది కదా అంది. నెరిస్ చేతులు కట్టుకుంది. గోడకు తను మేకు కొట్టినా ఇల్లు పాడుచేసిందని వెళ్లగొట్టొచ్చని ఒప్పందంలో రాయించుకున్నాడు మహానుభావుడు. కొడితే అతనే కొట్టాలి.

"నా గోడ నేనెందుకు పాడుచేసుకుంటాను?" అన్నాడు ఎమ్లిన్.

"భయం నీకు. ఈ పిల్ల లోపల చూసిందంటే నేనింకో పదేళ్లు ఇక్కడే ఉంటానని భయం. మనం కలిసి చదివిన రోజుల్లో బళ్లోనూ అంతే నువ్వు. లెక్క తప్పని తెలిస్తే చాలు, నోటుబుక్కు కడుపుకి హత్తుకుని కూర్చునేవాడివి."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. అరవై దాటిన మనిషి, తొమ్మిదిళ్ల ఆసామి, చెవులదాకా ఎర్రబడ్డాడు. విసవిసా కారు దగ్గరికి వెళ్లి సుత్తి పట్టుకొచ్చాడు. అంత అక్కర్లేదండీ, సన్నటి రంధ్రం చాలు అని లౌరి మొత్తుకుంటూనే ఉంది. వింటేగా! పొయ్యి పక్క గోడ మీద మూడు దెబ్బలు వేశాడు. బోర్డు పగిలి, తెల్లటి పొడి టీలో పడింది. మోచేతిదాకా లోపలికి దూర్చి, అటూ ఇటూ తడిమి, ఉత్త చెయ్యి బయటికి తీసి ఆమె మొహం ముందు ఆడించాడు.

"ఏదీ నీ పది సెంటీమీటర్లు?"

లోపల నల్లటి తడి రాయి తప్ప మరేం లేదు. లౌరి టార్చి వేసి చూసింది. ఫోటో తీసుకుంది. ఫోటోలో గోడ, గోడకు బొక్క, పక్కనే సుత్తితో ఎమ్లిన్, మొహమంతా గెలుపు.

"ఎఫ్ రాయక తప్పదు ఆంటీ," అంది లౌరి.

ఎమ్లిన్ కప్పు పక్కకు జరిపి, నోటీసు దులిపి, నెరిస్‌కి అందించాడు. ఆమె దానికేసి చూడనైనా చూడలేదు. ఏప్రన్ జేబులోంచి ఒక ఉత్తరం తీసి, కాస్త గట్టిగా చదవమని లౌరి చేతికిచ్చింది. ఇళ్లకు చలి ఆపే పనులు చేయించడానికి సర్కారు డబ్బు సాయం చేస్తుంది కదా, ఆ ఆఫీసునుంచి ఈ ఇంట్లో ఉంటున్నవారి పేరిట వచ్చిన ఉత్తరం అది.

లౌరి చదివింది. "ఈ ఇంటి గోడలకు లోపలివైపు పది సెంటీమీటర్ల పొర వేయించినట్టు యజమాని ఎమ్లిన్ ప్రైస్ సంతకం చేసి, సాయం మొత్తం అందుకున్నారు. ఇప్పుడు ఇల్లు వెచ్చగా ఉందా? పని జరగలేదని ఫోటోతో సహా తెలియజేస్తే, యజమాని ఖర్చుతోనే చేయిస్తాం. అది పూర్తయ్యేదాకా మిమ్మల్ని ఖాళీ చేయించే హక్కు ఆయనకు ఉండదు."

ఎమ్లిన్ సుత్తి తీసి వీపు వెనక దాచుకున్నాడు.

"ఉత్తరం వచ్చి రెండు నెలలైంది తల్లీ," అంది నెరిస్. "ఆ ఒక్క ఫోటో లేకే ఆగాను."