గాలి పంపు

క్రిస్మస్ పొద్దున అక్క కొత్త ఎర్ర సైకిలు నడిపించుకుంటూ వచ్చి, తమ్ముడి చక్రాల కుర్చీ ముందు ఆపింది.

"ఎగతాళా అక్కా? కాళ్లు పోయినవాడికి సైకిలు కొనుక్కొస్తావా?"

"నీకని ఎవరన్నారు? నాకే."

లారీ గుద్దేదాకా తమ్ముడు ఎన్నో సైకిలు పందేలు గెలిచాడు. కప్పు అందుకున్న ప్రతిసారీ ఒకటే మాట చెప్పేవాడు: "చిన్నప్పుడు క్రిస్మస్‌కి నాన్న సైకిలు కొనిచ్చాడు. ఆ పిచ్చి అప్పటిదే."

ఆ క్రిస్మస్‌కే నాన్న అక్కకు గాలి పంపు ఇచ్చాడు. "ఆడపిల్లవి, నీకు సైకిలెందుకే? చేతులున్నాయిగా, తమ్ముడి సైకిలుకి గాలి కొట్టు" అన్నాడు. ఆమె పెద్దయ్యాక కూడా కొడుతూనే ఉంది. ఒక్క రౌండు తొక్కనివ్వరా అని అడిగితే, తమ్ముడు "తర్వాతలే" అనేవాడు.

"ఈ వయసులో కింద పడితే ఎవరు లేపుతారక్కా? అసలు నీకు తొక్కడం వచ్చా?"

"నువ్వు ఆస్పత్రిలో ఉండగా నేర్చుకున్నా."



అక్క చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంది. సైకిలు ముందు చక్రాన్ని తమ్ముడి చేతికందేలా జరిపి, ఆ పాత పంపు తెచ్చి ఒళ్లో పెట్టింది.

"గాలి తక్కువుంది, కొట్టు. చేతులున్నాయిగా."