పేరు పెట్టి పిలిచే పడవ

దివిసీమ లంకలన్నీ సముద్రంలో కలిసిపోయాక ఇంటికొక అల్యూమినియం పడవ మిగిలింది. ఆ పడవే ఇల్లు. సామ్రాజ్యం అనే ఆవిడ దగ్గరుండి కట్టించుకున్న కొత్త పడవకు ఫిట్టర్ యోహాను ఎండ దిగని పైకప్పూ, నడుం వాల్చడానికి మెత్తటి సీటూ, చుట్టూ రెయిలింగూ బిగించాడు. చివరికి ఆమె చేతికి ఒక పట్టీ కట్టాడు. అది నీళ్లలో పడితే చాలు, పడవ తనలో ఉన్న మనిషిని సాయానికి రమ్మని పేరు పెట్టి కేకేస్తుంది.

"ఎవర్ని పిలవమందాం, పిన్నీ? పేరు చెప్పకపోతే ఇంజను కదలదు."

మొగుడు పోయాడు. ఇరుగుపొరుగు పడవలు తలో దిక్కూ పోయాయి. ఆమెకు ఏ పేరూ తోచలేదు.

"నన్నే పిలవమను."

"బాగానే ఉంది! నీళ్లలో పడేదే నువ్వైతే నిన్ను పిలిచి ఏం లాభం?"

"పెట్టవయ్యా, నీకెందుకు?"

యోహాను పడవ కనుమరుగయ్యేదాకా చూసి, ఆమె అన్నం వడ్డించుకుంది. ముద్ద దిగలేదు. లేచి, పట్టీ విప్పి, దానికి తాడు కట్టి నెమ్మదిగా నీళ్లలోకి వదిలింది.

"సామ్రాజ్యం! ఓ సామ్రాజ్యం! ఎక్కడున్నావ్?" అని పడవ గొంతు చించుకుంది.

"ఇక్కడే ఉన్నాగా, అన్నం తింటన్నా," అంటూ ఆమె కంచం ముందు కూర్చుని ముద్ద కలిపింది.